మూడో గోంగూర

న్యూజిలాండ్‌లో మంచుకొండలు ఉన్నాయట, నేలలోంచి వేడినీళ్ళు ఎగజిమ్ముతాయట, రాత్రిపూట మెరిసే పురుగుల గుహలు ఉన్నాయట. వెళ్ళొచ్చిన దగ్గర్నుంచీ మా స్టాఫ్‌రూమ్‌లో అందరూ వాటి గురించే అడుగుతున్నారు. నేను వాటిలో ఒక్కటీ చూడలేదు. దసరా సెలవులు మొత్తం పెట్టుకుని అంత దూరం వెళ్ళి, రెండు మైదానాలు, ఒక కిరాణా కొట్టు చూసి వచ్చాను. డబ్బు దండగ అని మా లెక్కల మాస్టారు తేల్చేశారు. ఆయనకు చెప్పినా అర్థం కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నేను ఖమ్మం జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయినిని. ఊళ్ళో నన్ను డ్రిల్ మేడమ్ అంటారు. ఇరవై రెండేళ్ళ కిందట, ఎనిమిదో తరగతి చదివే సుజాత బడి వెనక తోటలో మామిడికాయలు రాల్చుతూ నాకు దొరికింది. రాయి ఎక్కణ్ణుంచి విసిరిందో, కాయ ఎక్కడుందో చూశాక తిట్టడం మరిచిపోయి, చేతికి వెదురు బొంగు ఇచ్చి ఈటె విసరడం నేర్పాను. ఇప్పుడు ఆ సుజాత హామిల్టన్‌లో నర్సు. ఆమె టికెట్టు పంపి ఫోన్ చేసింది. "రండి మేడమ్. ఇదే నా లాస్ట్ సీజన్ కావచ్చు. ఒక్కసారన్నా మీరు చూడాలె," అంది.

బూట్లకు స్నానం

ఆక్లాండ్‌లో విమానం దిగేముందు ఒక కాగితం ఇస్తారు. తినేవి తెచ్చారా, గింజలు తెచ్చారా, మట్టి అంటిన చెప్పులు తెచ్చారా అని అందులో వరసగా ప్రశ్నలు. జరిమానా వేస్తారని భయపడి అన్నిటికీ అవునని టిక్కు పెట్టేశాను. గోంగూర పచ్చడి దగ్గర పెద్ద గొడవ అవుతుందనుకున్నాను. అధికారిణి సీసా మీది చీటీ చదివి దాన్ని పక్కన పెట్టింది. ఆమె చూపంతా నా కాన్వాస్ బూట్ల మీదే ఉంది.

"ఇవి ఎక్కడ వేసుకుంటారు?"

"బడి గ్రౌండ్‌లో. రోజూ," అన్నాను కాస్త గర్వంగానే.

ఆమె చేతికి తొడుగులు వేసుకుని, బూట్లు రెండూ పట్టుకుని లోపలికి వెళ్ళింది. పావుగంట సేపు నేను సాక్సులతో నిలబడ్డాను. తిరిగి తెచ్చిచ్చినప్పుడు అవి తెల్లగా ఉన్నాయి. వాటి అసలు రంగు తెలుపని నాకే గుర్తులేదు. మా గ్రౌండు ఎర్రమట్టి వేరే దేశం చేలల్లో కలవకూడదట. వాళ్ళ పొలాల మీద వాళ్ళకున్న జాగ్రత్త నచ్చింది గానీ, ఇంత శుభ్రం చూసే దేశంలో జనం సూపర్‌మార్కెట్‌కు చెప్పుల్లేకుండా రావడం మర్నాడు చూసి నవ్వాపుకోలేకపోయాను.

బయట సుజాత నా కాళ్ళకు దండం పెట్టి, సూట్‌కేసు ఎడమచేత్తో అందుకుంది. ఈమె కుడిచేతి వాటం మనిషి.

"భుజం ఎట్లుంది?"

"బానే ఉంది మేడమ్."

పిల్లల నోట ఈ "బానే" నేను చాలా ఏళ్ళుగా వింటున్నాను. నొప్పి లేనివాళ్ళు ఆ మాట అనరు.

హామిల్టన్: ఆసుపత్రి వెనక మైదానం

దారిలో పెట్రోలు బంకు దగ్గర ఆగి సుజాత ఆలుగడ్డ, చీజు కూరిన 'పై' కొనిపెట్టింది. అది మన కర్రీ పఫ్‌కు పెద్దన్న. ఐదు డాలర్లు. నేను రూపాయల్లోకి మార్చబోతుంటే, "ఇక్కడ ఉన్నన్ని రోజులు ఆ గుణకారం బంద్ పెట్టండి మేడమ్, లేకపోతే పస్తులుంటరు," అని కోప్పడింది. తొందరపడి కొరికి నాలుక కాల్చుకున్నాను. రెండు రోజులు ఏ రుచీ తెలియలేదు. పాపం, సుజాత భర్త రవి నాకోసం శ్రద్ధగా వండిన గుత్తివంకాయ కూర కూడా ఆ రెండు రోజుల్లోనే అయిపోయింది. అతను పొలం యంత్రాలమ్మే కంపెనీలో పనిచేస్తాడు, ఇంట్లో వంటంతా అతనిదే. ఈ సంగతి ఊళ్ళో చెబితే నమ్మరు.

సుజాత ఆడేది ఫ్లాగ్ ఫుట్‌బాల్. అమెరికావాళ్ళు ఇనుప టోపీలు పెట్టుకుని ఒకరినొకరు గుద్దుకునే ఆట ఉంది చూడండి, దానికి నెమ్మదైన చెల్లెలు. జట్టుకు ఐదుగురు. నడుముకు రెండు రిబ్బన్లు కట్టుకుంటారు. బంతి ఉన్నవాళ్ళ రిబ్బను లాగేస్తే పట్టుబడ్డట్టే, పడదోయడం ఉండదు. బంతి రెండు కొసలా కోసుగా ఉంటుంది. దాన్ని అందుకుని, ఎవరు ఖాళీగా ఉన్నారో రెండు మూడు సెకన్లలో చూసి, వాళ్ళు పరుగెత్తి చేరబోయే చోటికి ముందే విసిరే మనిషిని క్వార్టర్‌బ్యాక్ అంటారు. జట్టుకు కన్నూ చెయ్యీ ఆ మనిషే. ఐదేళ్ళు ఆ స్థానంలో ఆడింది మా సుజాత. తర్వాత భుజానికి ఆపరేషన్ అయి రెండేళ్ళు ఇంట్లో కూర్చుంది. ఈ ఏడే, ముప్పై ఆరేళ్ళ వయసులో మళ్ళీ దిగింది.

కోచ్ పేరు మెరె. మావోరీ మనిషి, అంటే అక్కడి మూలవాసి. సుజాత పనిచేసే ఆసుపత్రిలోనే ల్యాబులో పని. సుజాత నన్ను మేడమ్ అంటుంటే అదే నా పేరనుకుని ఆమె కూడా "మేడమ్, మేడమ్" అంటూ భుజం మీద చెయ్యి వేసింది. ఆసుపత్రి వెనక మైదానంలో ప్రాక్టీసు చూస్తూ నాతో ఉన్నదున్నట్టు చెప్పింది. "సుజాత లేని రెండేళ్ళూ మేము సెమీఫైనల్ చూడలేదు. ఇప్పుడు శనివారం ఆక్లాండ్ దగ్గరి టకానినిలో హెండర్సన్ జట్టుతో చివరి లీగ్ ఆట. గెలిస్తే సెమీస్, ఓడితే ఇంటికి. ఓడితే వచ్చే ఏడు ఆ చోటు ఇరవై రెండేళ్ళ పిల్లకు ఇస్తాను. సుజాతకూ చెప్పాను." నేనైనా అదే చేసేదాన్ని. కోచ్‌గా ఆమె తప్పు చెప్పలేదు.

ఇంతలో మైదానంలోంచి ఒక కేక వినిపించింది. "పప్పు!"

అన్నది మా సుజాత. వెంటనే అందరూ దగ్గరదగ్గరగా పరుగెత్తారు, ఒకరు చిన్న పాస్ అందుకున్నారు. తర్వాత "పులుసు!" అంటే బంతి పక్కకు వెళ్ళింది. "గోంగూర!" అంటే లిటియా అనే ఫిజీ అమ్మాయి బాణంలా మైదానం చివరికి పరుగెత్తింది, బంతి ఆమె తల మీదుగా వెళ్ళి చేతుల్లో పడింది. ఇంగ్లీషులో అరిస్తే ఎదుటి జట్టుకు తెలిసిపోతుంది, మావోరీ మాటలు పెడితే సగం దేశానికి తెలుస్తాయి. అందుకని ఏ ఎత్తుకు ఏ పేరో సుజాత తెలుగులో పెట్టింది. పొడుగ్గా, ఎర్రజుట్టుతో ఉన్న ఒక కివీ అమ్మాయి బంతి జారవిడిచి "అయ్యో పులుసు" అని తల పట్టుకుంటే నాకు కళ్ళనీళ్ళొచ్చేంత నవ్వొచ్చింది, ఆ వెంటనే నిజంగానే కళ్ళనీళ్ళొచ్చాయి. భూగోళం అడుగున మా పిల్ల మా మాటలతో ఒక జట్టును నడుపుతోంది.

ఇక్కడ నా తప్పొకటి చెప్పాలి. మా బళ్ళో కొలిచే టేపు ఎప్పుడో చిరిగిపోయింది, విసిరిన దూరం నేను అడుగులేసి కొలిచేదాన్ని. పిల్లలకు తల తిరగకూడదని ఎప్పుడూ రెండడుగులు తగ్గించి చెప్పేదాన్ని. జిల్లా పోటీల ముందురోజు సుజాత ఈటె విసిరి, "యాభై దాటిందా మేడమ్?" అని ఎంతో ఆశగా అడిగింది. దాటింది, యాభై ఒకటి పడింది. నేను నలభై తొమ్మిదని చెప్పాను. మర్నాడు ఆ తక్కువైన అడుగు కోసం అవసరానికి మించి ఉరికి, గీత దాటి, మూడు త్రోలూ ఫౌల్ చేసుకుంది. పతకం రాలేదు. ఆ తర్వాత ఆమె నర్సింగుకు వెళ్ళిపోయింది. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, ఆమెకు అసలే చెప్పలేదు.

హెండర్సన్: డెయిరీ కొట్టు

శుక్రవారం సుజాత సెలవు పెట్టి నన్ను ఆక్లాండ్ తీసుకెళ్ళింది. హెండర్సన్‌లో ఆమె భుజం చూసే ఫిజియో ఉన్నాడు. ఆమె లోపలికి వెళ్ళగానే నేను వీధిలో నడక మొదలుపెట్టాను. సమోవావాళ్ళ చర్చి, చైనావాళ్ళ కూరగాయల కొట్టు, పంజాబీ మిఠాయి దుకాణం, అన్నీ ఒకే వరసలో ఉన్నాయి. అక్కడి వాన మనలాగా చెప్పి రాదు. ఎండలోనే మొదలైంది. తడుస్తూ, డెయిరీ అని బోర్డున్న కొట్లో దూరాను. పాలకేంద్రం అనుకున్నాను. తీరా చూస్తే అది మన సందు చివరి కిరాణా లాంటిదే. పాలు, బ్రెడ్డు, పేపర్లు, ఐస్‌క్రీములు, ఒక మూల కందిపప్పు కూడా ఉంది.

కౌంటర్ వెనకాయన నన్నూ నా తడిసిన చీరనూ చూసి, "తెలుగువారాండీ?" అన్నారు. ప్రాణం లేచొచ్చింది. ఆయన పేరు ప్రసాద్, తెనాలివారు. వద్దంటున్నా వినకుండా టీ పెట్టించారు. నేను తాగుతుండగా ఒక ముసలాయన వచ్చి, పాల డబ్బా కొని, కొడుకుతో వచ్చిన గొడవంతా పది నిమిషాలు ఏకరువు పెట్టి వెళ్ళాడు.

"రోజూ ఇంతేనండి," అన్నారు ప్రసాద్ గారు. "ఈ వీధిలో ఎవరి కష్టం వాళ్ళు నాకే చెప్పుకుంటారు. కౌంటర్ దగ్గర విన్నది కౌంటర్ దగ్గరే వదిలెయ్యాలండి. మా ఇంట్లో అందరికీ అదే రూలు. లేకపోతే కొట్టు నడవదు."

వెనక అరల్లో ఒక అమ్మాయి బ్రెడ్డు సర్దుతోంది. "మా అమ్మాయండి, మేఘన. ఇక్కడే పుట్టింది. తెలుగు అర్థమవుద్ది, మాట్టాడమంటే మాత్రం సిగ్గు. దీనికీ ఆటలంటే పిచ్చి."

ఏం ఆట అని నేను అడగలేదు. నా గొప్పలో నేనున్నాను. మనవాళ్ళు కనబడ్డారన్న సంబరంలో సుజాత కథంతా చెప్పేశాను. మామిడికాయ దగ్గర మొదలుపెట్టి, ఆపరేషన్ మీదుగా వచ్చి, పప్పంటే చిన్న పాస్, పులుసంటే పక్కకు, గోంగూరంటే చివరిదాకా అని చేతులు తిప్పి మరీ చూపించాను. ప్రసాద్ గారు కడుపుబ్బా నవ్వారు. మేఘన మాత్రం చేతిలో బ్రెడ్డు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నా కథ బాగుందనుకున్నాను.

టీకి డబ్బులు తీసుకోలేదాయన. తిరిగి వెళ్ళేసరికి సుజాత కారులో కూర్చుని ఉంది. "ఆడొచ్చన్నడు మేడమ్. కానీ పెద్ద త్రోలు మ్యాచ్‌కి మూడే. నాలుగోది వేస్తే భుజానికి తను గ్యారంటీ కాదన్నడు."

"అంటే మూడు గోంగూరలు," అన్నాను.

"మూడే," అంది.

టకానిని

టకానినిలో అన్నీ కొత్త ఇళ్ళు, ఒకేలా ఉన్న ఇళ్ళు. మైదానం పక్కనుంచే రైలు వెళ్తుంటుంది. శనివారం పొద్దున గడ్డి తడిగా ఉంది. కడిగించుకున్న నా తెల్లబూట్లు పది అడుగుల్లోనే బురదయ్యాయి. మనసుకు హాయిగా అనిపించింది.

మొదటి సగం బాగా సాగలేదు. మొదటి గోంగూర చక్కగా వెళ్ళింది గానీ లిటియా చేతుల్లోంచి జారిపోయింది. విరామానికి హెండర్సన్ పదమూడు, మనం ఏడు. మా దగ్గర విరామంలో గ్లూకోజు నీళ్ళిస్తాం, అక్కడ నారింజ ముక్కలు. ఆ ముక్కలు పంచుతూ అవతలి జట్టు వైపు చూశాను. ఊదారంగు బనీను వేసుకుని, నడుముకు రిబ్బన్లు కట్టుకుని మేఘన నిలబడి ఉంది. అంతసేపూ ఆటలో నాకు సుజాత తప్ప ఇంకెవరూ కనబడలేదు.

పళ్ళెం గడ్డి మీద పెట్టేశాను. సుజాత దగ్గరికి వెళ్ళాను.

"సుజాతా, తప్పు చేసిన. ఆ పిల్ల తెలుగుది. నిన్న వాళ్ళ కొట్లో మీ పేర్లన్నీ నేనే చెప్పిన."

"అన్నీనా?"

"గోంగూర కూడా."

మెరెకు విషయం తెలిసి ఆమె ముఖం నల్లబడింది. "పేర్లు మార్చేద్దాం," అంది. సుజాత ఒప్పుకోలేదు. ఇప్పుడు మారిస్తే మనమే తికమక పడతామని ఇంగ్లీషులో ఆమెకు చెప్పి, నా వైపు తిరిగింది.

"మేడమ్, నేను ఈటె పట్టుకుని నిలబడ్డప్పుడు అదెటు వస్తదో అందరికీ తెలుసు కదా. ఎదురుంగనే వస్తది. తెలిసినంత మాత్రాన ఎవరన్న ఆపిన్రా? మీరు కూసోని నారింజ తినండి."

నాకు తిట్లు పడి ఉంటే బాగుండేది. సగం ప్రాణంతో కూర్చున్నాను.

రెండో సగంలో పప్పులు, పులుసులు నడిచాయి. రెండో గోంగూరకు లిటియా ఈసారి బంతిని గుండెలకు హత్తుకుని గీత దాటింది, దాని వెంట వచ్చే అదనపు పాయింటు కూడా దక్కింది. అటువాళ్ళు కూడా ఒకసారి దాటారు. పంతొమ్మిది, పద్నాలుగు. ఇంక ఒక్క ఎత్తుకే సమయం ఉందని రిఫరీ వేలు చూపించాడు. గీత దాటితే ఆరు పాయింట్లు, గెలుపు. లేకపోతే సీజను, సుజాత ఆట రెండూ అక్కడితో సరి.

సుజాత కుడి భుజాన్ని ఒకసారి చుట్టూ తిప్పుకుంది. ఆమె ముఖంలో నొప్పి అంత దూరం నుంచి కూడా నాకు కనబడింది. చేతులు నోటికి అడ్డం పెట్టి మైదానమంతా వినబడేలా అరిచింది. "గోంగూర!"

మేఘన ఒక్కతే గబగబా వెనక్కి వెళ్ళింది. సుజాత బంతి అందుకుని మూడడుగులు పక్కకు పక్కకు వేసింది. ఆ మూడడుగులు నేను నేర్పినవి. ఈటె వదిలేముందు వేసే అడుగులు. చెయ్యి వెనక్కి వెళ్ళి వచ్చింది. లిటియా పక్కనే పరుగెత్తిన మేఘన సమయానికే ఎగిరింది, సరైన చోటే ఎగిరింది. బంతి ఆమె వేళ్ళకు జానెడు పైనుంచి వెళ్ళి లిటియా చేతుల్లో దిగింది.

ఇరవై, పంతొమ్మిది. నేను ఎప్పుడు లేచానో, మెడలో విజిల్ ఎప్పుడు ఊదానో తెలియదు. రిఫరీ వచ్చి దాన్ని జేబులో పెట్టుకొమ్మని మర్యాదగా చెప్పాడు.

కొలత

ఆట అయ్యాక రెండు జట్లూ కలిసి బ్రెడ్డులో సాసేజీలు పెట్టుకుని తింటాయి. నేను బ్రెడ్డు, వేయించిన ఉల్లిపాయలు తింటుండగా మేఘన వచ్చింది. ఆమె వచ్చీరాని తెలుగులో, మధ్యమధ్య ఇంగ్లీషుతో మాట్లాడింది.

"ఆంటీ, నేను మా టీమ్‌కి చెప్పలేదు. ప్రామిస్. షాప్‌లో విన్నది షాప్‌లోనే, డాడీ రూల్. కానీ లాస్ట్ ప్లే... గోంగూర అనగానే నా కాళ్ళు వెనక్కి వెళ్ళిపోయాయి. నేను ఆపలేదు. అది ఫెయిర్ కాదు కదా. సారీ."

పక్కనే ఉన్న సుజాత ఆ పిల్లను దగ్గరికి లాక్కుంది. "తెలిసి కూడా అందలేదు కదరా. నాకు అంతకంటే ఏం గావాలె?" అంది. నేను మేఘన తల నిమిరాను. గెలిచిన మా పిల్లను చూసి ఎంత పొంగిపోయానో, ఓడి వచ్చి నిజం చెప్పిన ఈ పిల్లను చూసి అంతే పొంగిపోయాను. ఇద్దరూ నా శిష్యులే అయితే బాగుండుననిపించింది.

సెమీఫైనల్ నాటికి నా సెలవులు అయిపోయాయి. వాళ్ళు ఓడారని ఇక్కడ బడి గ్రౌండ్‌లో నిలబడి ఫోన్లో విన్నాను. వచ్చే ఏడు కూడా సుజాతే విసరాలని మెరె అందట. అవన్నీ తర్వాతి సంగతులు. ఆ శనివారం అందరూ సామాన్లు సర్దుకుంటుంటే నేను మళ్ళీ మైదానంలోకి వెళ్ళాను. సుజాత బంతి వదిలిన చోట ఆమె మడమ దిగిన గుర్తు బురదలో ఉంది. లిటియాను పిలిచి, బంతి పట్టిన చోట నిలబడమన్నాను. గుర్తు దగ్గర్నుంచి అడుగులు మొదలుపెట్టాను. సుజాత నా పక్కనే, భుజం మీద ఐసు సంచి పెట్టుకుని నడిచింది.

"నలభై నాలుగు," అన్నాను.

ఆమె నవ్వింది. "అంటే నలభై ఆరా మేడమ్?"

నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

"నీకు తెలుసా?"

"ఎన్మిదో క్లాసు నుంచే తెలుసు. మీరు పోయినంక నేను మళ్ళా నడిచి కొలుచుకునేదాన్ని."

"మరి ఆ రోజు, జిల్లా మీట్ ముందు?"

"యాభై ఒకటి," అంది. "తెలుసు మేడమ్. గీత నేనే దాటిన. మీ నోటెంట యాభై అనిపించాలని ఉరికిన."

లిటియా ఇంకా అక్కడే బంతి పట్టుకుని, ఏమైందో తెలియక మమ్మల్ని చూస్తోంది.

"ఇది నలభై నాలుగే," అన్నాను. "తగ్గించలేదు. ఆ రోజుది యాభై ఒకటి."

సుజాత ఐసు సంచి తీసి కింద పెట్టి, కుడిచేత్తో నా చెయ్యి పట్టుకుంది.